సహాయ నిధి పుస్తకం ఎవరి చేతిలో ఉంది? సంఘ పెద్దలకు బహిరంగ లేఖ

సంఘ పెద్దలకు, కాపరులకు, సహాయ నిధి కమిటీల్లో పనిచేస్తున్న సోదరసోదరీలకు వందనాలు.

నాకు పదేళ్ళప్పుడు మా నాన్న పనిచేసే చోట పడి కాలు విరగ్గొట్టుకున్నారు. ఐదు నెలలు మంచం మీదే ఉన్నారు. ఉన్న కాస్త డబ్బూ ఆస్పత్రికి పోయింది, ఆ తర్వాత అప్పులు మొదలయ్యాయి. మేం వెళ్ళే చర్చిలో ఈ సంగతి తెలిసి, ఒక ఆదివారం ఆరాధన అయ్యాక మైకులో అమ్మ పేరు పిలిచారు. అమ్మ నన్ను వెంటబెట్టుకుని వేదిక ఎక్కింది. ఒక పెద్దాయన సరుకుల సంచి అందించారు. అందుకుని దిగబోతుంటే ఫోటో తీసే అబ్బాయి ఆపాడు. "సరిగ్గా రాలేదమ్మా, ఇంకోసారి తీసుకుంటున్నట్టు పెట్టండి, ఇటు చూడండి" అన్నాడు. అమ్మ ఆ సంచిని తిరిగి పెద్దాయన చేతికిచ్చి, మళ్ళీ అందుకుంది. ఆమె చెయ్యి వణకడం నేను పక్కనే ఉండి చూశాను.

ఆ సంచి రెండు వారాలు మా కడుపులు నింపింది. ఇచ్చినవాళ్ళు మంచివాళ్ళు. మా మీద జాలితోనే ఇచ్చారు, అందులో నాకు ఏ అనుమానమూ లేదు. కానీ ఆ ఫోటో నోటీసు బోర్డు మీద చాలా నెలలు ఉండిపోయింది. సండే స్కూల్లో నా పక్కన కూర్చునే అమ్మాయి దాన్ని చూసి, "మీ సంచిలో ఏమేం పెట్టారు?" అని అడిగింది. పాపం, చిన్నపిల్ల, తెలియక అడిగింది. నాన్న లేచి నడవడం మొదలుపెట్టాక మేం ఆ చర్చికి వెళ్ళడం మానేశాం. ఎందుకు రావడం లేదని మమ్మల్ని ఎవరూ అడగలేదు.

ఇన్నేళ్ళ తర్వాత ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, ఆ ఫోటో ఇప్పటికీ తీస్తూనే ఉన్నాం. అప్పుడు నోటీసు బోర్డుతో పోయేది, ఇప్పుడు గంటలో వేలమంది ఫోన్లలోకి వెళ్తోంది, ఎప్పటికీ చెరిగిపోదు. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియనియ్యవద్దని ప్రభువు చెప్పిన మాట మనందరికీ కంఠస్థమే. అయినా సరుకుల మీద సంఘం పేరు అచ్చు వేయించి మరీ ఇస్తున్నాం.

"దాతలకి లెక్క చెప్పాలి కదా" అని మీరంటారు. నిజమే, చెప్పాలి. లెక్క అంటే ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, దేనికి ఖర్చయింది, బిల్లులు ఎక్కడున్నాయి, ఎవరు సరిచూశారు. ఇవన్నీ అచ్చువేసి గోడకి అంటించండి. అందులో ఎవరి ముఖమూ ఉండక్కర్లేదు. పొలంలో గింజలు ఏరుకోవడానికి వచ్చిన బీద విధవరాలు రూతు కథలో ఆ పొలం యజమాని బోయజు ఏం చేశాడో ఒకసారి గుర్తుతెచ్చుకోండి. పొలం అంచులు కోయకుండా బీదల కోసం, పరదేశుల కోసం వదిలెయ్యమని ధర్మశాస్త్రంలో ముందే ఉంది. ఆయన ఇంకో అడుగు ముందుకేశాడు. పనల మధ్య కూడా ఆమెను ఏరుకోనివ్వమని, కట్టల్లోంచి కావాలనే కొన్ని పిడికిళ్ళు జారవిడవమని, ఆమెను అవమానపరచవద్దని, గద్దించవద్దని పనివాళ్ళకి చెప్పాడు. రూతు ఇంటికి తీసుకెళ్ళింది తాను ఏరుకున్న గింజలే. వాటిలో ఎన్ని జారిపడినవో, ఎన్ని ఎవరో జారవిడిచినవో ఆమెకి తెలియక్కర్లేదు. ఒకరికి సాయం చేస్తూ వాళ్ళ పరువు కూడా కాపాడడం ఎలాగో ఇంతకంటే బాగా చూపించే చోటు బైబిల్లో నాకు కనబడలేదు.

నేను అసలు అడగదలచింది ఫోటోల గురించి మాత్రమే అయితే ఇంత పెద్ద ఉత్తరం అవసరం లేదు. నా ప్రశ్న మీ సహాయ నిధి పుస్తకం గురించి. ఎవరికి ఇవ్వాలి, ఎప్పుడివ్వాలి, ఎంతివ్వాలి అని నిర్ణయించే కమిటీలో, ఎప్పుడైనా సాయం అందుకున్నవాళ్ళు ఎంతమంది ఉన్నారు?

అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం మనం సాధారణంగా స్తెఫను కోసం చదువుతాం. దానికి ముందున్న గొడవని తొందరగా దాటేస్తాం. యెరూషలేము సంఘంలో రోజూ పంపిణీ జరుగుతోంది. అందులో గ్రీకు భాష మాట్లాడే యూదుల విధవరాండ్రకి సరిగా అందడం లేదు. వాళ్ళ తరపువాళ్ళు సణిగారు. అపొస్తలులు "ఇచ్చినదానికి తృప్తిపడక సణుగుతారా" అని కసరలేదు. తప్పెక్కడ జరిగిందో విచారించడానికి ఇంకో కమిటీ వేసి కాలయాపన చెయ్యలేదు. అందరినీ పిలిచి, ఆత్మతోనూ జ్ఞానంతోనూ నిండిన, మంచిపేరున్న ఏడుగురిని మీరే ఎన్నుకోండి, ఈ పని వాళ్ళకి అప్పగిస్తాం అన్నారు.

ఇక్కడ ఆ ఏడు పేర్లూ నింపాదిగా చదవండి. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఏడూ గ్రీకు పేర్లే. ఏడో ఆయన నీకొలాసు అయితే అంతియొకయ నుంచి వచ్చి యూదుల మతంలో చేరినవాడు. అన్యాయం జరిగిందని ఎవరు మొరపెట్టుకున్నారో వాళ్ళలోంచే మనుషుల్ని తీసుకుని పంపిణీ మొత్తం వాళ్ళ చేతికిచ్చారని చాలామంది వ్యాఖ్యాతలు దీన్నిబట్టే అంటారు. హెబ్రీ భాష మాట్లాడేవాళ్ళ విధవరాండ్రు కూడా ఇకనుంచి ఈ ఏడుగురి దగ్గరే తీసుకోవాలి. ఎంత నమ్మకం ఉంటే అలా చెయ్యగలరు! మన కమిటీల్లో మామూలుగా ఎవరుంటారు? ఎక్కువ కానుక ఇవ్వగలిగినవాళ్ళు, రిటైరైన ఆఫీసర్లు, లెక్కలు తెలిసినవాళ్ళు. వాళ్ళని తీసెయ్యమని అనను, వాళ్ళూ కావాలి. కానీ వాళ్ళలో ఎంతమంది నెలాఖరున అద్దె కట్టలేక, ఇంటి ఓనరు అడుగుల చప్పుడుకి లైటు ఆర్పేసి కూర్చున్నారు?

మా అమ్మ కూర్చుంది. అందుకే తర్వాత ఆమె చేసిన పని గురించి మీకు చెప్పాలి.

మేం వెళ్ళిన రెండో సంఘం చాలా చిన్నది. అక్కడ ఒక పెద్దావిడ సహాయ నిధి చూసేవారు. ఆమె మా ఇంటికి ఒక సాయంత్రం ఉత్తిచేతులతో వచ్చారు. కూర్చుని కబుర్లు చెప్పారు, అమ్మ చెప్పింది విన్నారు, ప్రార్థన చేసి వెళ్ళిపోయారు. మళ్ళీ వచ్చారు. మూడోసారో నాలుగోసారో వచ్చినప్పుడు, "నాకు కళ్ళు సరిగా కనబడడం లేదమ్మా, ఈ పుస్తకం నువ్వు రాసిపెడతావా" అని నిధి పుస్తకం అమ్మ ముందు పెట్టారు. మాకు అప్పటికింకా అప్పు తీరలేదు. సాయం తీసుకునేవాళ్ళ జాబితాలో మా పేరూ ఉంది. అదే పుస్తకం అమ్మ చేతికి వచ్చింది. ఆ రాత్రి అమ్మ నాన్నతో, "నన్ను నమ్మారు" అని ఒక్క మాట అంది. ఆమె గొంతు అలా పలకడం నేను అంతకుముందు వినలేదు.

లెక్క రాయడం ఎవరైనా చేస్తారు. అమ్మకి తెలిసింది వేరే. ఎవరు అడుగుతారో కమిటీ మొత్తానికి తెలుసు, ఎవరు అడగరో అమ్మకి తెలుసు. కొత్తగా కష్టంలో పడినవాళ్ళు అడగరు. నిన్నటిదాకా పెట్టినవాళ్ళు అసలే అడగరు. స్కూలు ఫీజులు కట్టాల్సిన వారం ముందే వెళ్ళాలని, ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన రెండో వారంలో వెళ్ళాలని అమ్మ అనేది. మొదటి వారం అందరూ పండ్లు పట్టుకుని వస్తారు, రెండో వారానికి ఎవరూ రారు, మందుల చీటీ మాత్రం మిగులుతుంది.

ఒకసారి ఒకాయన ఆరాధనకి రావడం మానేశారు. విశ్వాసంలో చల్లబడ్డారని అందరూ అనుకున్నారు. అమ్మ వెళ్ళి కూర్చుని వచ్చింది. ఆయనకి పని పోయింది. కానుక సంచి వరసలో ఒక్కొక్కరి ముందుకీ వస్తుంది కదా, అది తన ముందుకి వచ్చినప్పుడు వెయ్యడానికి ఏమీ లేక, ఖాళీ పిడికిలి లోపల పెట్టి తీసి రెండు మూడు వారాలు నెట్టుకొచ్చారట. నాలుగో వారం రాలేకపోయారు. అమ్మ కమిటీలో ఎవరి పేరూ చెప్పకుండా, సంచి తిప్పడం మానేసి గుమ్మం దగ్గర పెట్టె పెడదామని అడిగింది. కానుకలు తగ్గిపోతాయని కొందరు వాదించారు. పెద్దావిడ అమ్మ పక్షం మాట్లాడారు, పెట్టె పెట్టారు. ఆయన తిరిగొచ్చారు, ఆయనతోపాటు మేం లెక్కలోకి తీసుకోని ఇంకొందరు కూడా వచ్చారు. ఎన్ని బోర్డు మీటింగులు పెట్టినా ఈ విషయం మనకి తట్టేది కాదు. ఖాళీ పిడికిలి సంగతి తెలిసినవాళ్ళు కమిటీలో ఉండబట్టే తట్టింది.

పెట్టె కొత్త సంగతేమీ కాదని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. సుమారు క్రీ.శ. 197లో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్ నుంచి తెర్తుల్లియన్ అనే తొలినాటి క్రైస్తవ రచయిత రాసినదాంట్లో అలాంటి పెట్టె ప్రస్తావన ఉంది. నెలకోసారి, ఇష్టమైతే, ఇవ్వగలిగితేనే అందులో కొంచెం వేస్తారు, ఎవరినీ బలవంతపెట్టరు అని ఆయన రాశాడు. ఆ డబ్బు విందులకి పోదని, బీదల్ని పోషించడానికి, చనిపోయిన బీదల్ని పాతిపెట్టడానికి, తల్లిదండ్రులు లేని పిల్లలకి, ముసలి బానిసలకి, ఓడ మునిగి సర్వం పోగొట్టుకున్నవాళ్ళకి, విశ్వాసం కోసం గనుల్లోనూ చెరసాలల్లోనూ మగ్గేవాళ్ళకి వెళ్తుందని లెక్క చెప్పాడు. అంతకు సుమారు 40 ఏళ్ళ ముందు రోములో జస్టిన్ అనే ఇంకో క్రైస్తవ రచయిత కూడా ఆదివారం కానుకలు అనాథలకీ విధవరాండ్రకీ రోగులకీ ఖైదీలకీ పరదేశులకీ వెళ్తాయని రాశాడు. 251లో రోము బిషప్పు కొర్నేలి తన సంఘం లెక్క ఒక ఉత్తరంలో పెట్టాడు. 46 మంది పెద్దలు, 7గురు పరిచారకులు, 1,500 మందికి పైగా విధవరాండ్రూ ఆపదలో ఉన్నవాళ్ళూ. హింసలు ఆగీ ఆగకముందు, తలదాచుకోవడమే కష్టమైన రోజుల్లో, అంతమందిని పోషించిన సంఘం అది. మనకి భవనాలున్నాయి, సౌండ్ సిస్టములున్నాయి. సహాయ నిధి మాత్రం చాలాచోట్ల పండక్కి ఒకసారి గుర్తొస్తుంది. యెరూషలేములో అది రోజూ జరిగింది, కార్తేజ్‌లో నెలనెలా జరిగింది. ఆకలి పండగల కోసం ఆగదు కదా.

పండగ సంచితో తీరని కష్టం అప్పు. మా ఇంట్లో ఆకలి కంటే అప్పే ఎక్కువ ఏడిపించింది. నాన్న కాలు ఐదు నెలల్లో అతుక్కుంది, వడ్డీ ఆరేళ్ళు పట్టింది. అప్పిచ్చినవాడు వాకిట్లో నిలబడి కేకలేసినప్పుడు మాకు కావలసింది సరుకులు కాదు. ఆ సంగతి మోషే ధర్మశాస్త్రానికి బాగా తెలుసు. బీదవాడి దగ్గర వడ్డీ తీసుకోవద్దంది. తాకట్టు పెట్టిన పైబట్టని సూర్యాస్తమయానికి ముందే తిరిగివ్వమంది, కప్పుకోవడానికి వాడికి అదొక్కటే ఉంది గనుక. ఏడో ఏట అప్పులు విడిచిపెట్టమంది. ఏడో ఏడు దగ్గరపడిందని లెక్కేసుకుని ఇవ్వకుండా చెయ్యి ముడుచుకోవద్దని కూడా హెచ్చరించింది.

క్రైస్తవులు దీన్ని చేసి చూపించిన సందర్భాలున్నాయి. ఇటలీలోని పెరూజాలో 1462లో ఫ్రాన్సిస్కన్ సన్యాసుల పూనికతో బీదల కోసం తాకట్టు నిధి ఒకటి మొదలైంది. వడ్డీ వ్యాపారుల దగ్గరికి పోకుండా, వస్తువు పెట్టి అతి తక్కువ ఖర్చుతో అప్పు తీసుకునే ఏర్పాటు అది. ఆ తర్వాత అలాంటివి చాలా ఊళ్ళలో వచ్చాయి. నాకు ఇంకా నచ్చే కథ జర్మనీలో రైఫైజన్ అనే గ్రామాధికారిది. గట్టి ప్రొటెస్టెంట్ విశ్వాసి. 1846-47 కరువు చలికాలంలో బీదలకి రొట్టె అందించే సంఘం పెట్టాడు. తర్వాత ఉన్నవాళ్ళ డబ్బుతో రైతులకి సాయం చేసే సంఘాలు నడిపాడు. ఉన్నవాళ్ళ ఉత్సాహం ఎంతోకాలం నిలబడదని అనుభవంతో తెలుసుకున్నాడు. 1864లో హెడెస్‌డార్ఫ్‌లో పద్ధతి మార్చి, అప్పు తీసుకునేవాళ్ళే సభ్యులుగా ఉండే సంఘం పెట్టాడు. ఇవాళ ప్రపంచమంతా ఉన్న సహకార పరపతి సంఘాల మూలాల్లో అదొకటి. ఇదీ నిధి పుస్తకం చేతులు మారిన కథే.

ప్రతి సంఘమూ బ్యాంకు పెట్టక్కర్లేదు. వడ్డీ లేని చిన్న అత్యవసర నిధి పెట్టొచ్చు. ఆస్పత్రి గుమ్మంలో నిలబడ్డవాడికి ఆ రాత్రికే డబ్బు అందేట్టు, ముగ్గురి సంతకాల కోసం వారం ఆగక్కర్లేకుండా. కొందరు తిరిగి కట్టలేరు. అది ముందే అనుకుని పెట్టాలి, వాళ్ళ పేర్లు ఎక్కడా చదవకూడదు. సంఘంలో బ్యాంకు పని తెలిసినవాళ్ళు, చట్టం తెలిసినవాళ్ళు ఉంటారు కదా. అప్పులవాళ్ళతో మాట్లాడేటప్పుడు ఆ కుటుంబం పక్కన వాళ్ళు ఒక గంట కూర్చుంటే చాలు. ఆ రోజు నాన్న పక్కన అలా ఒక్కరు కూర్చుని ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

సమయాల సంగతి కూడా చూడండి. కొరింథు సంఘంలో ప్రభువు బల్ల దగ్గర ఒకడు ఆకలితో ఉంటే ఇంకొకడు మత్తుగా ఉన్నాడని పౌలు ఎందుకంత బాధపడ్డాడు? తీరిక ఉన్నవాళ్ళు ముందే వచ్చి తినేస్తున్నారు, లేనివాళ్ళకి ఏమీ మిగలడం లేదు. ఒకరికోసం ఒకరు కనిపెట్టుకోండి, అంటే ఆగండి, అన్నదే ఆయన చెప్పిన పరిష్కారం. మన బైబిల్ స్టడీ, మన కమిటీ, మన ప్రార్థన కూడికలు షిఫ్టుల్లో పనిచేసేవాళ్ళకి, ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళకి అందే వేళల్లో ఉన్నాయా? రానివాళ్ళని ఆసక్తి లేనివాళ్ళుగా రాసుకుంటున్నామా?

జీతాల గురించి ఒక్క మాటే రాస్తాను, ఎందుకంటే ఇందులో వివరించాల్సిందేమీ లేదు. చర్చి ఊడ్చేవాళ్ళకి, కాపలా ఉండేవాళ్ళకి, సంఘంలోని పెద్ద ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళకి పూర్తి కూలి, చెప్పిన రోజున ఇవ్వండి. కూలివాడి డబ్బు తెల్లారేదాకా కూడా ఉంచుకోవద్దని లేవీయకాండములో ఉంది, బిగపట్టిన కూలి మొరపెడుతోందని యాకోబు పత్రికలో ఉంది.

"పనిచెయ్యనివాడు తినకూడదని పౌలే అన్నాడు కదా" అని ప్రతి కమిటీలోనూ ఎవరో ఒకరు అంటారు. మన తెలుగు బైబిల్లో ఆ మాట ఎలా ఉందో చూడండి. "పనిచేయ నొల్లనియెడల" అని ఉంది. ఒల్లకపోవడం అంటే ఇష్టం లేకపోవడం. కాలు విరిగినవాడికి, పని దొరకనివాడికి, మంచాన పడ్డ తల్లిని వదిలి వెళ్ళలేని కూతురికి ఆ వచనం చెప్పడం అన్యాయం. మా నాన్న వింటుండగా ఆ వచనం చదివినవాళ్ళు ఉన్నారు. మంచం మీద నుంచి గోడవైపు తిరిగి పడుకున్నారు ఆయన.

ఇంకొకటి గట్టిగా అడుగుతున్నాను. సాయానికి షరతులు పెట్టకండి. ఆరాధనకి వస్తేనే, బాప్తిస్మం తీసుకుంటేనే అని నోటితో అనకపోయినా, చూపులతో అనొద్దు. దారిలో పడి ఉన్నవాడి గాయాలు కట్టిన సమరయుడు వాడి నమ్మకం ఏమిటని అడగలేదు. 362లో రోము చక్రవర్తి జూలియన్, క్రైస్తవుల్ని ఎంతమాత్రం ఇష్టపడనివాడు, తన పూజారి ఒకరికి రాసిన ఉత్తరంలో వీళ్ళు తమ బీదలతోపాటు మన బీదల్ని కూడా పోషిస్తున్నారని వాపోయాడు. శత్రువు నోట వచ్చిన ఆ మాటకి మనం తగినవాళ్ళుగా ఉన్నామా అని నేను ప్రార్థనలో అడుక్కుంటూ ఉంటాను. రొట్టెతో ఎరవేసి తెచ్చిన విశ్వాసం, రొట్టె తిన్నవాడికీ భారమే, పెట్టినవాడికీ భారమే.

అమ్మ పోయాక ఆ నిధి పుస్తకాల్లో నిండిపోయినది ఒకటి సంఘంవాళ్ళు నాకిచ్చారు. తెరిచి చూస్తే డబ్బు లెక్కలన్నీ పైసాతో సహా సరిగ్గా ఉన్నాయి, పేర్లు లేవు. పేర్ల చోట అమ్మకి మాత్రమే తెలిసిన గుర్తులున్నాయి. ఒక చుక్క, ఒక చిన్న గీత, ఒక సున్నా. పక్కన చిన్న అక్షరాలతో ఏవో రాసుకుంది. "అద్దె. ముందురోజే వెళ్ళాలి." "పిల్లలు ఇంట్లో లేనప్పుడు ఇవ్వాలి." "అడగదు. రెండుసార్లు వెళ్ళాలి." ఒక పేజీలో ఒక గీతకి ఎదురుగా, "ఈ నెల ఆమే మనకి ఇచ్చింది" అని ఉంది.

కొత్త సంవత్సరానికి మీరు కమిటీలు వేసుకునే రోజులివి. సగం పేర్లు సాయం అందుకున్న ఇళ్ళ నుంచి తీసుకోండి. వాళ్ళు వద్దంటారు, మాకేం తెలుసు అంటారు. అమ్మ కూడా మొదట అలాగే అంది. పెద్దావిడ వెళ్ళినట్టు మూడుసార్లు, నాలుగుసార్లు వెళ్ళండి. మా సంఘంలో ఈ విషయం మాట్లాడడానికి నన్ను కూడా పిలవమని మా పెద్దల్ని ఇందుమూలంగా అడుగుతున్నాను. సమావేశం రాత్రి షిఫ్టు దిగినవాళ్ళు కూడా రాగలిగే వేళకి పెడితే, నాతో ఇంకో ఇద్దరిని తీసుకొస్తాను. అమ్మ పుస్తకం కూడా తెస్తాను.

ప్రభువునందు,
మీ సంఘ సభ్యుల్లో ఒకరు